1600 మీటర్లు పరిగెత్తాక కాళ్ళు నిలవట్లేదు... ఇది నరాల బలహీనతా?

ప్రశ్న: డాక్టర్ గారూ, నా వయసు 23. కానిస్టేబుల్ ఉద్యోగం కోసం కరీంనగర్‌లో రూమ్ తీసుకుని ప్రిపేర్ అవుతున్నాను. రోజూ తెల్లవారుజామున 5 గంటలకు ఫ్రెండ్స్‌తో కలిసి గ్రౌండ్‌కి వెళ్తాను. 1600 మీటర్లు 6 నిమిషాల 40 సెకన్లలో పూర్తి చేస్తున్నాను, దాని గురించి భయం లేదు. పరుగు అయిన వెంటనే లాంగ్‌జంప్ చేస్తే మాత్రం ఎగరడానికి అడుగు వేసే బోర్డు మీద కాలు సరిగా పడట్లేదు, ఇసుకలో దిగగానే పక్కకి ఒరిగిపోతున్నాను. విడిగా దూకితే 4.30 మీటర్లు వస్తుంది, పరుగు తర్వాత 3.80 కూడా దాటట్లేదు. గత వారం అలాగే దూకితే కుడి చీలమండ బెణికింది. ఒంటికాలి మీద నిలబడి షూ విప్పుకుందామన్నా తూలిపోతాను. రూమ్‌కి వచ్చి టిఫిన్ తినే టైమ్‌కి అంతా మామూలైపోతుంది. ఫ్రెండ్స్ నరాల వీక్‌నెస్ అంటున్నారు. మెడికల్ షాపులో అడిగితే బి-కాంప్లెక్స్ ఇంజెక్షన్లు ఇచ్చారు, మూడు చేయించుకున్నాను, తేడా ఏమీ లేదు. యూట్యూబ్‌లో చెప్పినట్టు కళ్ళు మూసుకుని ఒంటికాలి మీద నిలబడితే 8 సెకన్లకే కాలు దించేశాను. మా తాతయ్యకు పక్షవాతం వచ్చింది, అందుకని అమ్మ ఎంఆర్ఐ తీయిద్దామంటోంది. చాలా టెన్షన్‌గా ఉంది. నేనేం చేయాలి?
- ఒక పాఠకుడు, కరీంనగర్ జిల్లా

జవాబు: ఎంఆర్ఐ అక్కర్లేదు. ముందు ఆ మాట అమ్మగారికి చెప్పేయండి. మీరు రాసినదాన్ని బట్టి చూస్తే మీకున్నది జబ్బు కాదు. బాగా అలిసిపోయిన కాళ్ళతో, అలుపు తీరకముందే, అన్నిటికంటే ఎక్కువ బ్యాలెన్స్ కావాల్సిన పని చేస్తున్నారు. ఆరోగ్యంగా ఉన్న ఏ కుర్రాడికైనా అప్పుడు కాళ్ళు తడబడతాయి.

ఇంత ధైర్యంగా ఎలా చెప్తున్నానంటే, మీరు మధ్యలో మామూలుగా రాసేసిన ఒక వాక్యం వల్ల. టిఫిన్ టైమ్‌కి అంతా సర్దుకుంటోందన్నారు. తడబాటు పరుగు తర్వాతే వస్తోంది, కాసేపటికి పోతోంది, మిగతా రోజంతా దాని ఊసే లేదు. నరాల జబ్బయితే మెట్లు దిగేటప్పుడో, చీకట్లో నడిచేటప్పుడో, నడుస్తుంటే తెలియకుండానే కాలి నుంచి చెప్పు జారిపోవడంలోనో ఎక్కడో ఒకచోట బయటపడుతుంది. మీరు అలాంటివేవీ రాయలేదు. ఇక తాతయ్య సంగతి. పెద్ద వయసులో వచ్చే పక్షవాతానికి ఎక్కువగా బీపీ, షుగరు, పొగతాగడం లాంటివి కారణం. అది మీ లాంగ్‌జంప్‌లోకి వచ్చి దూరదు. మీ తృప్తి కోసం ఒకసారి బీపీ చూపించుకోండి, చాలు.

ఆ 8 సెకన్ల పరీక్ష గురించి కూడా ఇప్పుడే చెప్పేస్తాను, ఎందుకంటే మిమ్మల్ని ఎక్కువ భయపెట్టింది అదేనని నా అనుమానం. కళ్ళు తెరిచి ఒంటికాలి మీద నిలబడటం మీ వయసువాళ్లకు తేలిక, 30-40 సెకన్లు దాటి ఉండగలరు. అదే కళ్ళు మూసుకుంటే ఆరోగ్యవంతులే సగటున 10 సెకన్ల దగ్గర కాలు దించేస్తారు. కొందరు నాలుగైదు సెకన్లకే దించేస్తారు. కాబట్టి మీ 8 సెకన్లు మామూలే. ఆ వీడియోలో నిమిషం నిలబడకపోతే ప్రమాదమని చెప్పి ఉంటారు. అలా భయపెడితేనే వ్యూస్ వస్తాయి మరి.

ఇంజెక్షన్లు ఆపేయండి. బి12 నిజంగా తక్కువగా ఉన్నవాళ్లకు అది మంచి మందే. బి12 లోపిస్తే అరికాళ్ళ నుంచి వచ్చే స్పర్శ, కీళ్ళ కదలిక తెలియడం దెబ్బతిని నడకలో తూలు వస్తుంది, అది నిజం. కానీ ఆ తూలు పొద్దున్నా ఉంటుంది, సాయంత్రమూ ఉంటుంది, పాదాల్లో తిమ్మిర్లు కూడా ఉంటాయి. మీరు గుడ్లు, మాంసం, పాలు అసలు ముట్టనివారైతే ఒకసారి రక్తపరీక్ష చేయించుకోవడంలో తప్పులేదు. పరీక్ష చేయకుండా కౌంటర్ మీద నుంచి ఇచ్చే సూది మాత్రం వైద్యం కాదు.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. అలిసిన కాలికి, బ్యాలెన్స్‌కి సంబంధం ఏమిటి? బలం తగ్గి కాళ్ళు తూలుతాయని అందరూ అనుకుంటారు. అది సగమే నిజం. ఊరికే నిలబడటానికి పిక్క కండరానికి ఉన్న బలంలో చాలా కొద్ది భాగం సరిపోతుంది. మీరు ఎంత అలిసిపోయినా ఆ కొద్ది బలం కాళ్ళలో మిగిలే ఉంటుంది. అయినా షూ విప్పుకోవడానికి ఒంటికాలి మీద నిలబడితే తూలుతున్నారు. అంటే బలం కాకుండా ఇంకేదో తగ్గింది.

మనం కదలకుండా నిలబడ్డామనుకున్నప్పుడు కూడా నిజానికి కదులుతూనే ఉంటాం. చిన్నప్పుడు అరచేతిలో కర్ర నిలబెట్టి ఆడే ఉంటారు. కర్ర ఒరిగిన వైపుకి చెయ్యి జరుపుతూ ఉంటేనే అది నిలుస్తుంది, చెయ్యి ఆపితే పడిపోతుంది. నిలబడటమూ అంతే. మన బరువు చీలమండకు కాస్త ముందు పడుతుంది కాబట్టి ఒళ్ళు ఎప్పుడూ ముందుకు ఒరగాలని చూస్తుంటుంది, పిక్క కండరాలు వెనక్కి లాగుతుంటాయి. ఒరుగుతున్న సంగతి మెదడుకి తెలిసేది మూడు దారుల్లో: కళ్ళు, లోపలి చెవిలోని సమతుల్యతా భాగం, ఆ తర్వాత కాళ్ళే. అరికాలి చర్మం, కీళ్ళ చుట్టూ ఎముకల్ని కలిపి కట్టే లిగమెంట్లు, అన్నిటికీ మించి కండరాల లోపల ఉండే సన్నటి సాగుడు గ్రాహకాలు. చీలమండ ఒక డిగ్రీ వంగినా వెన్నుపాముకి కబురు పంపేవి ఇవే.

కండరం అలిసినప్పుడు మూడు పనులు ఒకేసారి దెబ్బతింటాయి. మొదటిది, ఆ గ్రాహకాల కబురులో నాణ్యత తగ్గుతుంది. మోకాలు ఎంత వంగి ఉందో, పాదం ఏ కోణంలో ఉందో కళ్ళు మూసుకుని చెప్పమంటే, అలిసినవాళ్ళు ఎక్కువ తప్పు చెప్తారు. బోర్డు మీద కాలు సరిగా పడట్లేదన్నారు చూడండి, దాంట్లో కొంత భాగం ఇదే. పాదం ఎక్కడుందని మీరు అనుకుంటున్నారో అక్కడ లేదు. రెండోది, బలాన్ని సన్నగా కొలిచి వాడే నేర్పు పోతుంది. తాజాగా ఉన్న కండరం చిన్న చిన్న కండర పోగులతో నెమ్మదిగా పని కానిస్తుంది. అవి అలిసిపోయాక మెదడు పెద్ద పోగుల్ని కూడా దించాలి, అవి ఒక్కసారిగా లాగుతాయి. లాగుడు హెచ్చుతగ్గులవుతుంది. కాళ్ళు వణికేది అందుకే. వణుకు చూసి నరాలు పోయాయనుకుంటారు గానీ, నరాలు మామూలుకంటే ఎక్కువ పని చేస్తుంటేనే ఆ వణుకు. మూడోది టైమింగ్. పాదం పక్కకు మడత పడుతున్నప్పుడు దాన్ని వెనక్కి లాగాల్సింది కాలి బయటి అంచున ఉండే కండరాలు. బెణుకు పడేది సెకనులో పదో వంతు కూడా పట్టని వేగంతో. తాజాగా ఉన్నప్పుడే ఆ కండరాలకు టైమ్ చాలీ చాలకుండా ఉంటుంది. అలిసిపోయినప్పుడు ఇంకాస్త ఆలస్యమైనా, కాస్త మెల్లగా లాగినా పాదం మడత పడిపోతుంది. మీకు గత వారం జరిగింది ఇదే అయి ఉంటుంది.

కాళ్ళతో పాటు ఆయాసం కూడా ఉంది. రొప్పుతున్నప్పుడు ఛాతీ, పొట్ట పెద్దగా కదులుతాయి, ఆ కదలికే ఒంటిని ఊపుతుంది. పరుగులో తల ఎగిరెగిరి పడటం వల్ల లోపలి చెవికి కూడా కాసేపు గందరగోళం ఉంటుంది. సైకిల్ తొక్కి దిగినప్పటికంటే పరుగు ఆపినప్పుడు తూలు ఎక్కువ ఉండటానికి అది ఒక కారణం.

కళ్ళ సంగతి ఇక్కడే చెప్పాలి. మీరు వెళ్ళేది 5 గంటలకు. చలికాలంలో ఆ టైమ్‌కి గ్రౌండ్‌లో ఎవరి మొహం వాళ్లకే కనపడదు. కాళ్ళ నుంచి వచ్చే కబురు చెడిపోయినప్పుడు మెదడు కళ్ళ మీద ఎక్కువ ఆధారపడుతుంది. అలుపు వల్ల బ్యాలెన్స్ ఎంత మారుతుందో చూసే పరీక్షల్లో మనుషుల్ని పాదాల ఒత్తిడిని కొలిచే పలక మీద నిలబెట్టి, కాళ్ళు అలిసేదాకా వ్యాయామం చేయించి, మళ్ళీ నిలబెడతారు. అలిసినప్పుడు ఊగడం పెరుగుతుంది, కళ్ళు మూయిస్తే ఇంకా పెరుగుతుంది. చీకట్లో దూకడమంటే దాదాపు కళ్ళు మూసుకుని దూకడమే. పరుగు చీకట్లో కానివ్వండి, ట్రాక్ తెలిసినదే. జంప్ మాత్రం బోర్డు స్పష్టంగా కనిపించేంత వెలుతురు వచ్చాకే చేయండి. డబ్బు ఖర్చు లేకుండా మార్చుకోగలిగినవాటిలో ఇదొకటి.

అలాంటి పరీక్షల్లోనే తేలిన ఇంకో విషయం. మీ వయసువాళ్ళు రెండు కాళ్ళ మీద నిలబడితే అలుపు ప్రభావం పెద్దగా కనపడదు. మెదడు ఏదో ఒక సర్దుబాటు చేస్తుంది: కాళ్ళు కాస్త ఎడంగా పెట్టిస్తుంది, కీళ్ళను బిగిస్తుంది, చీలమండతో చేయాల్సిన దిద్దుబాటు తుంటితో చేయిస్తుంది. సర్దుబాటుకి చోటు లేని పనుల్లోనే బండారం బయటపడుతుంది. ఒంటికాలి మీద నిలబడటం, ఒంటికాలితో ఎగరడం, పై నుంచి కిందికి దిగడం లాంటివి అవి. లాంగ్‌జంప్‌లో ఈ మూడింటిలో రెండున్నాయి. అందుకే పరుగు బాగానే వస్తూ జంప్ చెడిపోతోంది.

ఈ తడబాటు ఎంతసేపు ఉంటుందన్నదే మీకు అన్నిటికంటే పనికొచ్చే ప్రశ్న. మొదటి ఒకట్రెండు నిమిషాల్లో ఎక్కువగా ఉంటుంది, ఆ తర్వాత త్వరగా తగ్గుతూ 10 నుంచి 20 నిమిషాల్లో చాలావరకు మామూలు స్థితికి వస్తుంది. ఎండలో బాగా చెమట పట్టి, నీళ్ళు తాగకుండా ఉంటే ఇంకాస్త ఆలస్యమవుతుంది.

ఇప్పుడు మీ ప్రాక్టీసు వరుస చూడండి. 2022 తెలంగాణ నోటిఫికేషన్ ప్రకారం పురుషులకు 1600 మీటర్లు 7 నిమిషాల 15 సెకన్లలో, లాంగ్‌జంప్ 4 మీటర్లు, 7.26 కిలోల షాట్‌పుట్ 6 మీటర్లు. మీకు వర్తించే నోటిఫికేషన్‌లో ఏముందో మళ్ళీ చూసుకోండి. ఏ గ్రౌండ్‌లోనైనా వందలమందితో పరుగు పెట్టించాక, ఫలితం చెప్పి, మిగిలినవాళ్ళను వరుసలో నిలబెట్టి తర్వాతి ఈవెంట్‌కి పిలిచేసరికి టైమ్ పడుతుంది. ఎవరూ గీత దాటగానే మిమ్మల్ని ఇసుక గుంట దగ్గరికి తోలరు. మీరు మాత్రం రోజూ మీకు మీరే తోలుకుంటున్నారు. 3.80 మీ పరీక్ష రోజు దూరం కాదు. అది పరుగు తర్వాత రెండో నిమిషం దూరం, అంతే.

పైగా మీకు 35 సెకన్లు మిగులు ఉంది. మీరు అప్లై చేసే పోస్టుకి పరుగులో క్వాలిఫై అయితే చాలా, లేక టైమ్‌ని బట్టి మార్కులున్నాయా అన్నది చూసుకోండి. క్వాలిఫై అయితే చాలనుకుంటే 6:40 ఎందుకు? చివరి 200 మీటర్లు ఫ్రెండ్స్‌తో పందెం వేసుకుని పళ్ళు బిగించి లాగుతుంటారు కదా, కాళ్ళను పూర్తిగా ఖాళీ చేసేది ఆ 200 మీటర్లే. 6:55కి వచ్చినా మీకు 20 సెకన్ల భద్రత ఉంటుంది, జంప్‌కి కాళ్ళు మిగులుతాయి. మార్కులుంటే మాత్రం లెక్క వేరు, అప్పుడు మధ్యలో విరామాన్ని తెలివిగా వాడుకోవడమే దారి.

చీలమండ నయమయ్యాక ఒక పని చేయండి. ఒక రోజు పరుగు అయ్యాక 5 నిమిషాలకు దూకి కొలవండి. ఇంకో రోజు 10 నిమిషాలకు, మరో రోజు 20 నిమిషాలకు. ఒకే రోజు అన్నీ చేయొద్దు, జంప్‌ల అలుపు కూడా కలిసిపోతుంది. దూరాలు ఒక నోట్‌బుక్‌లో రాసుకుంటే మీ కాళ్ళు ఎన్ని నిమిషాలకు తిరిగొస్తున్నాయో మీకే తెలుస్తుంది. ఏ డాక్టరూ మీకు ఆ అంకె చెప్పలేరు, మనిషి మనిషికీ తేడా ఉంటుంది.

ఆ విరామంలో చాలామంది చేసే తప్పు కింద చతికిలబడటం. ఇరవై నిమిషాలు కూర్చుంటే అలుపు తగ్గుతుంది గానీ కండరాలు చల్లబడి బిగుసుకుంటాయి. మొదటి ఐదు నిమిషాలు మెల్లగా నడవండి, ఆయాసం దానంతట అదే దిగుతుంది. ఉప్పు, పంచదార వేసిన నిమ్మకాయ నీళ్ళో, ఓఆర్ఎస్సో గుటకలు గుటకలుగా తాగండి. పిలుపు దగ్గరపడుతున్నప్పుడు మళ్ళీ ఒళ్ళు వేడెక్కించండి: మునివేళ్ళ మీద లేవడం, మోకాళ్ళు పైకెత్తి నడవడం, చిన్న చిన్న గెంతులు, రెండు మూడు చిన్న రన్-అప్‌లు. కాలు పట్టుకుని నిమిషాల తరబడి లాగి సాగదీసే స్ట్రెచింగ్ జంప్‌కి ముందు వద్దు, ఎగిరే పట్టు తగ్గుతుంది. అది సాయంత్రానికి దాచుకోండి.

కొందరు కోచ్‌లు ముందురోజు మూడు వందల బస్కీలు తీయించి "కాళ్ళు గట్టిపడతాయి" అంటారు. పరుగు వల్ల వచ్చే అలుపు నిమిషాల్లో పోతే, అలవాటు లేని బస్కీలు, గెంతులు, మెట్లు దిగడాల వల్ల వచ్చేది రోజులు ఉంటుంది. కండరం సాగుతూ బరువు మోసినప్పుడు దానికి సూక్ష్మంగా దెబ్బలు తగులుతాయి. నొప్పి రెండో రోజు, మూడో రోజు ముదురుతుంది. తిరుమల మెట్లు ఎక్కి, మళ్ళీ మెట్లమీదుగానే దిగినవాళ్ళను మర్నాడు చూడండి, ఎక్కడం కన్నా దిగడమే తొడల్ని పట్టేస్తుంది. ఆ నొప్పి ఉన్నన్నాళ్ళూ బలమూ తక్కువే, మోకాలి కోణం తెలియడమూ తక్కువే. ఆ నొప్పి లాక్టిక్ యాసిడ్ పేరుకోవడం వల్ల అని గ్రౌండ్‌లో చెప్పేది తప్పు. లాక్టేట్ గంటా గంటన్నరలో రక్తం నుంచి వెళ్ళిపోతుంది. కాబట్టి ఈవెంట్స్‌కి ముందు మూడు నాలుగు రోజులు బరువైన కాళ్ళ వ్యాయామాలు, కొత్త వ్యాయామాలు బంద్. అంతకు ముందు వారాల్లో మాత్రం బస్కీలు మంచివే, క్రమంగా పెంచుకుంటూ పోతే రెండోసారి అంత నొప్పి రాదు.

చీలమండ గురించి మీరు ఒక్క ముక్కే రాశారు, నాకు మాత్రం మొత్తం ఉత్తరంలో దాని మీదే దిగులు. బెణికిన రోజున, ఆ తర్వాత ఆ కాలి మీద బరువు వేసి నాలుగడుగులు వేయగలిగారా? చీలమండకు రెండు పక్కలా ఉండే ఎముక బుడిపెల వెనక అంచును నొక్కితే ఎముక మీదే నొప్పి ఉందా? నాలుగడుగులు వేయలేకపోయినా, ఎముక మీద నొప్పి ఉన్నా ఎక్స్‌రే తీయించాలి. లేదంటే అది లిగమెంటు బెణుకే. లిగమెంటు తాడు మాత్రమే కాదు, అందులోనూ మెదడుకి కబురు పంపే నరాల చివరలు ఉంటాయి. వాపు తగ్గింది కదా అని మళ్ళీ దూకడం మొదలుపెడితే, ఆ కబురు ఇంకా తిరిగి రాని చీలమండ మీద, అలిసిన కండరాలతో దిగుతారు. ఒకసారి బెణికిన కాలే మళ్ళీ మళ్ళీ బెణకడానికి పెద్ద కారణం ఇదే. నొప్పి లేకుండా ఆ కాలి మునివేళ్ళ మీద లేవగలిగేదాకా, ఒంటికాలితో ముందుకీ పక్కకీ గెంతగలిగేదాకా లాంగ్‌జంప్ జోలికి వెళ్ళకండి. మొదట్లో టేపు గానీ, కట్టు గానీ వేసుకోండి. బెణికిన చీలమండకు అవి నిజంగానే పనికొస్తాయి.

ఈ లోపు చేయాల్సిన వ్యాయామం పెద్ద ఖర్చుతో పనిలేనిది. పళ్ళు తోముకునేటప్పుడు ఒంటికాలి మీద నిలబడండి, గోడ అందుబాటులో ఉండాలి. అది తేలికయ్యాక తల అటూ ఇటూ తిప్పుతూ, ఆ తర్వాత మడతపెట్టిన దుప్పటి మీద నిలబడుతూ చేయండి. మెట్టు అంచున నిలబడి ఒంటికాలితో మడమ పైకెత్తి మెల్లగా దించడం, ఒకసారి మోకాలు నిటారుగా, ఒకసారి కాస్త వంచి. పక్కకి తిరిగి పడుకుని పైకాలు ఎత్తడం. దీన్ని ఆడవాళ్ళ వ్యాయామమని కుర్రాళ్ళు తీసిపారేస్తుంటారు గానీ, ఒంటికాలి మీద దిగినప్పుడు మోకాలు లోపలికి కూలకుండా ఆపేది తుంటి పక్కన ఉండే ఆ కండరమే. నొప్పి పూర్తిగా పోయాక మోకాలెత్తు కన్నా తక్కువ గట్టు మీద నుంచి రెండు కాళ్ళతో దిగి, మూడు సెకన్లు శిలలా ఆగడం. ఆగలేకపోతే ఆ దిగడం లెక్కలోకి రాదు.

వీటిని పరుగుకు ముందు, తాజా కాళ్ళతో చేయండి. కొత్త నేర్పు అలిసిన కాలికి అబ్బదు, తప్పు పద్ధతే అలవాటవుతుంది. లాంగ్‌జంప్ టెక్నిక్ కూడా వారంలో ఎక్కువ రోజులు పరుగుకు ముందు గానీ, పరుగు లేని రోజు గానీ చేయండి. వారానికి ఒక్క రోజు మాత్రం పరీక్ష రోజు వరుసలోనే, విరామంతో సహా మొత్తం చేయండి. ఆ రోజు ఫ్రెండ్‌కి ఫోన్ ఇచ్చి, ఇసుక గుంటకు ఎదురుగా నిలబడి స్లో మోషన్‌లో వీడియో తీయమనండి. దిగేటప్పుడు ఒక పాదం ముందు తగులుతోందా, మోకాళ్ళు ఒకదానివైపు ఒకటి కూలుతున్నాయా, నడుం ఒక పక్కకి వంగుతోందా చూసుకోండి. ఈ మూడింటిలో ఒకటైనా కనిపిస్తే ఆ రోజుకి జంప్‌లు ఆపేయాలి. దూరం తగ్గకముందే ఇవి కనపడతాయి.

ఇది మీ ఒక్కరి సమస్య కాదు. ఫుట్‌బాల్‌లో గాయాలు ప్రతి సగం ఆట చివరి నిమిషాల్లో పెరుగుతాయని ఎన్నో ఏళ్ల లెక్కలున్నాయి. ఫిఫా వాళ్ళు తయారుచేసిన 11+ అనే వార్మప్‌లో ఒంటికాలి బ్యాలెన్స్, దిగే పద్ధతి ప్రత్యేకంగా పెట్టారు, దాన్ని క్రమం తప్పకుండా చేసిన జట్లలో గాయాలు బాగా తగ్గాయి. ఆ వీడియోలు ఉచితంగా దొరుకుతాయి. యూట్యూబ్ చూడాలనుకుంటే అవి చూడండి.

నిద్ర గురించి మీరు రాయలేదు, నేనే అడుగుతాను. 5 గంటలకు గ్రౌండ్‌లో ఉండాలంటే నాలుగున్నరకు లేవాలి. రాత్రి చదువు, ఫోను అయ్యేసరికి పన్నెండు. నాలుగున్నర గంటల నిద్రతో అలుపు లేకుండానే ఒళ్ళు ఎక్కువ ఊగుతుంది. మీ షెడ్యూల్ ఇలాగే ఉంటే పైన చెప్పిన వ్యాయామాలన్నిటికన్నా ముందు దిద్దుకోవాల్సింది ఇదే. పదిన్నరకు పడుకోండి, జనరల్ స్టడీస్ మధ్యాహ్నం చదవండి.

ఇక పరీక్ష రోజున ఎవరైనా పెయిన్‌కిల్లర్ వేసుకోమంటే వద్దనండి. నొప్పి తెలియకపోతే చీలమండ ఎంత వంగుతోందో కూడా పట్టించుకోరు, పైగా ఎండలో నీళ్ళు తగ్గిన ఒంటితో ఆ మాత్రలు కిడ్నీలకు మంచివి కావు. అలవాటు లేని ఎనర్జీ డ్రింకులు అంతే, చేతులు కాళ్ళు వణికే రోజున ఇంకో వణుకు కొనుక్కోవడం ఎందుకు.

పరుగుతో సంబంధం లేకుండా తూలినా, ఒక్క కాలు లేదా ఒక్క చెయ్యే బలహీనంగా అనిపించినా, పాదాల్లో తిమ్మిర్లు పోకుండా ఉన్నా, సాయంత్రాలు కనురెప్పలు వాలిపోయి ఒకటి రెండుగా కనిపిస్తున్నా, కళ్ళు తిరిగి లోకం గిర్రున తిరిగినట్టున్నా అప్పుడు జనరల్ ఫిజీషియన్‌ని కలవండి, అవసరమైతే ఆయనే న్యూరాలజిస్టు దగ్గరికి పంపుతారు. పరుగులో ఛాతీ నొప్పి వచ్చినా, స్పృహ తప్పినా ఆ రోజే వెళ్ళాలి. బాగా కష్టపడిన మర్నాడు కండరాలు వాచి మూత్రం కోలా రంగులో వస్తే అస్సలు ఆగకుండా ఆసుపత్రికి వెళ్ళండి, అది కండరం కరిగి కిడ్నీలను దెబ్బతీస్తున్న గుర్తు. ఒక్క పిక్కే వాచి, నొక్కితే నొప్పిగా, వేడిగా ఉన్నా బెణుకు అనుకుని నూనెతో మర్దనా చేయొద్దు, ముందు డాక్టరుకు చూపించండి.